లక్కపిడతల జాడ

సంక్రాంతి దినములలో కోస్తాజిల్లాల ఇండ్లయందు బొమ్మలకొలువు పెట్టుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. మెట్లుమెట్లుగ అమర్చిన పలకలపై తెల్లని వస్త్రము పరచి, పైమెట్టున దేవతామూర్తులను, ఆ క్రింద రాజును రాణిని, ఇంకను క్రింద శెట్టిని శెట్టెమ్మను నిలిపి, అన్నిటికంటె క్రిందిమెట్టున, ఇంటి ఆడపిల్ల చేతికందునంత ఎత్తున, ఒక చిన్న వంటయింటిని తీర్చెడివారు. పొయ్యి, బిందె, చెంబు, గిన్నె, మూకుడు, గరిటె, రోలు, రోకలి, తిరగలి, కుంకుమభరిణె. ఏది చూచినను పెద్దవారి పిడికిలిలో ఇమిడిపోవును. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ కట్లతో, నూనె రాచినట్లు నిగనిగలాడుచుండును. వీనికే లక్కపిడతలని పేరు. కొలువులోని తక్కిన బొమ్మలన్నియు చూచుటకు. ఇవి మాత్రము ఎత్తుటకు, దించుటకు, వండుటకు, వడ్డించుటకు. కొలువు ఎత్తివేసిననాడు దేవుళ్లు గడ్డి చుట్టుకొని పెట్టెలోనికి పోయెడివారు. పిడతలు ఆడపిల్ల ఒడిలోనికి పోయెడివి.

నేడు ఈ పిడతలకై బయలుదేరినవారికి మొదటి చిక్కు బజారులోనే ఎదురగును. మనుమరాలు తొలిసారి కొలువు పెట్టుచున్నదని, తాను ఆడుకొన్నవంటి పిడతలే కొనిపెట్టవలెనని దుకాణమునకు పోయిన అమ్మమ్మకు లభించు సమాధానము సర్వసాధారణముగ ఒక్కటే. “అవి ఇప్పుడెక్కడివి మామ్మగారూ! ఇదిగో, గ్యాసుపొయ్యి సెట్టు తీసుకోండి. పిల్లలకు ఇదే ఇష్టం.” కొన్ని దుకాణములలో ఈపాటి సమాధానము కూడ దొరకదు, లక్కపిడతయన నేమో అచ్చటివారికి ఎరుకయే ఉండదు.

పిల్లలకు ఇదే ఇష్టమన్న మాట ఎంతవరకు నిజమో పరిశీలింపదగియున్నది. ఒక ఆటవస్తువు మాయమైనపుడు బిడ్డల అభిరుచి మారినదనుట పెద్దలకు సులభము. లక్కపిడత వచ్చిన దారిని పట్టి వెనుకకు నడచి చూచినచో, అది బిడ్డల చేతినుండి జారుటకు పూర్వమే, బిడ్డలెన్నడును చూడని మరికొన్ని తావులలో దారి తప్పినదని తెలియవచ్చును.

పిడత యనగా చిన్న మట్టికుండ. కుమ్మరి చేసిన చిట్టిపిడతలతోను తెలుగుపిల్లలు ఆడుకొనిరి. కర్రతో చేసి, లక్క పూసిన దానికి లక్కపిడతయని పేరు వచ్చినది. ఈ వస్తువెంత ప్రాచీనమో తేల్చి చెప్పుట కష్టముగాని, ఈ ఆట మాత్రము మిక్కిలి ప్రాచీనము. గ్రంథాలయపు బీరువానుండి పోతన భాగవతమును తీసి రుక్మిణీదేవి బాల్యమును వర్ణించిన పట్టు చదివినవారికి, ఆమె చెలులతో బొమ్మల పెండ్లిండ్లు చేయుటయు, గుజ్జనగూళ్లు వండుటయు కానవచ్చును. గుజ్జనగూళ్లనగా పిల్లలు ఉత్తుత్తిగ వండుకొను వంటలు. ఇసుక అన్నమగును, ఆకు కూరయగును, ఇటుకపొడి కారమగును. పదునైదవ శతాబ్దపు కవి విదర్భరాజపుత్రికకు ఈ ఆటను అప్పగించెననిన, తెలుగింటి వాకిళ్లలో అది అప్పటికే బాగుగ పాతుకొనియుండవలెను. మగపిల్లల బొంగరము సంగతియు ఇట్టిదే. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు బొంగరములాడుట, ఆ బొంగరము ఒక స్త్రీ కాలికి తగులుట, ఆమె పలికిన మాట ఆ బాలుని యుద్ధమునకు పంపుట తెలుగువారెల్లరు ఎరిగిన కథ. బొంగరమును, లక్కపిడతయు ఒకే యంత్రముపై పుట్టిన తోబుట్టువులు. ఆ యంత్రమునకు తెలుగున తరిమెన యని పేరు. నేటి పనివారు లేతు అనుచున్నారు.

బజారులో దొరకనివారు సాధారణముగ పట్టణములలోని హస్తకళల విక్రయశాలలకు పోవుదురు. అచ్చట రెండవ చిక్కు. కొయ్యబొమ్మలనగానే కొండపల్లి బొమ్మలను చూపుదురు. అవి కానిచో నిర్మలు బొమ్మలను చూపుదురు. మూడును కొయ్యతో చేసినవే యైనను మూడింటికిని పొత్తు తక్కువ. కొండపల్లివారును, నిర్మలువారును మిక్కిలి తేలికయైన పొణికి కర్రను వాడుదురు. కొండపల్లి బొమ్మలో చేతులు, కాళ్లు, తల వేరువేరుగ చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతికి, తీర్చి, కుంచెతో రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు, తాటిచెట్టు ఎక్కుచున్న గీతకార్మికుడు అచ్చటి ప్రసిద్ధవస్తువులు. అవి గొప్ప బొమ్మలే. కాని వానితో వంట చేసి ఆడరాదు. చేసినచో సాయంకాలమునకు ఏనుగునకు తొండముండదు. లక్కపిడతలో అతుకు లేదు, కుంచె లేదు. అది గుండ్రని వస్తువు. గుండ్రనిది తప్ప తరిమెనపై మరియొకటి పుట్టదు. ఏనుగును చేయవలెనన్నను గుండ్రని పొట్ట, గుండ్రని తల, గుండ్రని కాళ్లు విడివిడిగ చేసి కూర్చవలసినదే. కనుక వస్తువును చేతిలోనికి తీసికొని చుట్టు త్రిప్పి చూచినచో గుర్తు దొరకును. రంగుల కట్లు దారము చుట్టినట్లు సమముగ నుండును. కుంచెగీతల జాడ ఎచ్చటను కానరాదు. రంగు కర్రమీద పూసినట్లు గాక కర్రనుండియే ఉబికినట్లు మెరయును.

ఈ గుర్తులు తెలిసిన తరువాత వెదకవలసిన తావును తెలిసినట్లే. విశాఖపట్టణమునుండి దక్షిణముగ తుని వైపు పోవు జాతీయరహదారిలో అనకాపల్లి, ఎలమంచిలి దాటి నక్కపల్లి చేరుసరికి ఈ లక్కపనికి పేరుబడిన ప్రాంతము వచ్చును. నక్కపల్లిలోను ఈ పని కలదు. అయితే లోకమున ప్రసిద్ధి పొందినది వరాహానది యొడ్డుననున్న ఏటికొప్పాక గ్రామము. ఊరి పేరులోనే ఏరు ఉన్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనుండిన యీ గ్రామము 2022వ సంవత్సరమున జిల్లాల విభజన జరిగిన పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. లోహపు యంత్రముల రొద, అప్పుడే చివ్విన కర్ర వాసన, కరగిన లక్క వాసన, ఈ మూడును కలిసి పనివారి యిండ్లకు దారి చూపును.

పని విధానము చూడముచ్చటగ నుండును. అంకుడు కర్రను తెచ్చి, బెరడు తీసి, ముక్కలు కోసి, తేమ పోవునట్లు వారముల తరబడి ఆరవేయుదురు. ఆరని కర్రతో చేసిన పిడత కొన్నాళ్లకు పగులును. ఆరిన ముక్కను తరిమెనకు బిగించి త్రిప్పుచుండగా ఉలి తాకించినచో కర్ర సన్నని చుట్టలుగ లేచి రాలును. పైరూపము తీరిన పిదప వంపుటులితో లోపలిభాగము తొలుతురు. బిందెకు మెడ సన్నము, పొట్ట పెద్దది. ఆ సన్నని మెడలోనుండి ఉలిని పోనిచ్చి పొట్టను తొలుచుట కన్నుతో చూచి చేయు పని కాదు, చేతికి తెలియవలసిన పని. పూర్వము చేతితరిమెనలు ఉండినపుడు ఒకరు తాడు లాగుచుండగా మరియొకరు ఉలి పట్టెడివారు. తాడు లాగువారి చేయి ఒకింత తడబడినను బిందె మెడ తెగిపోయెడిది. ఇప్పుడు విద్యుచ్ఛక్తి ఆ తాడును లాగుచున్నది.

రంగు వేయుట ఇంకను విచిత్రము. లక్కను నిప్పులసెగపై మెత్తబరచి, రంగు కలిపి, జీళ్లపాకమును లాగినట్లు మరల మరల సాగదీసి మడచి, చివరకు కణికలుగ చేయుదురు. వస్తువు తరిమెనపై వడిగ తిరుగుచుండగా ఈ కణికను దానికి ఒత్తిపట్టుదురు. ఆ రాపిడివలన పుట్టిన వేడికే లక్క కరగి కర్రకు పట్టుకొనును. కుంచెయు, నూనెయు, వేరొక నిప్పును అక్కరలేదు. పిమ్మట ఎండిన మొగలిరేకును ఒత్తి రుద్దినచో లక్క అంతటను సమముగ పరచుకొని అద్దమువలె మెరుపెక్కును. మొగలిరేకు కాక ఎన్నెన్నో సాధనములున్న యీ దినములలో కూడ దానిని మించినది లేదని పనివారి మాట.

లక్క సుమారు 75 డిగ్రీల వేడికి కరగును. నీటికి కరగదు. కనుక లక్కపిడతలో నీరు పోసి ఆడుకొనవచ్చును గాని పొయ్యిపై పెట్టరాదు. తెలియక నిజమైన నిప్పులపై బొమ్మబిందెను పెట్టి, అది జిడ్డుగ కారి, కాలి, ఏడ్చిన పిల్లలు ప్రతి ఊరిలోను ఉండియుందురు. లక్క కాలుట ఎట్టిదో భారతము చదివినవారికి చెప్పనక్కరలేదు. వారణావతమున దుర్యోధనుడు పాండవులకై కట్టించిన లక్కయిల్లు నన్నయగారి ఆదిపర్వమునుండి తెలుగువారికి పరిచితమే. ఏ గుణమువలన ఆ యిల్లు కాలినదో, ఆ గుణమువలననే పిడతకు మెరుపు వచ్చినది.

లక్క చెట్టునుండి కారు జిగురని కొందరు తలతురు. అది సరికాదు. మోదుగ, రేగు, కుసుమ మొదలగు చెట్ల లేతకొమ్మలపై లక్కపురుగులు గుంపులుగ చేరి, ఆ చెట్టురసమును పీల్చి, తమ రక్షణకై శరీరమునుండి విడుచు పదార్థమే లక్క. కొమ్మలనుండి దానిని గోకి, కడిగి, కరగించి, వడకట్టుదురు. దేశమున లక్క విశేషముగ లభించునది ఝార్ఖండు, ఛత్తీసుగఢు అడవులందు. రాంచీ సమీపమున 1924లో లక్కపరిశోధనాసంస్థ నెలకొల్పబడినది. కడుగునపుడు ఆ లక్కనుండి ఎర్రని రంగునీరు దిగును. పూర్వము స్త్రీలు పాదములకు పూసికొన్న లత్తుక ఇదియే. ఈ రంగును ఈస్టిండియా కంపెనీ ఐరోపాఖండమునకు ఎగుమతి చేసినది. 1950 ప్రాంతములవరకు వచ్చిన గ్రామఫోను పలకలు సయితము లక్కతో చేసినవే. అనగా ఆ దినములలో పాట వినుచున్న తల్లి ముందరి పలకయు, ఆమె ప్రక్కన కూతురు ఆడుకొనుచున్న పిడతయు, ఆ తల్లి పాదములపై ఎరుపును ఒక్క పురుగు పెట్టిన భిక్షయే కావచ్చును.

ఇంతవరకు లక్కపిడత వృత్తాంతము సుఖముగనే నడచినది. దారి తప్పినది రంగువద్ద.

పూర్వపు పనివారు రంగులను చెట్టుచేమలనుండి తీసికొనెడివారు. పసుపునకు పసుపుకొమ్ము, నీలమునకు నీలిమందు, ఈ రెండును కలిపి ఆకుపచ్చ, గోధుమరంగునకు కాచు. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అను ఆంగ్లయువకుడు క్వినైన్ చేయబోయి ఊదారంగు కనుగొనెను. మలేరియా మందునకై చేసిన ప్రయత్నము రంగుల పరిశ్రమకు పునాదియైనది. 1868లో మంజిష్ఠ ఎరుపును జర్మను రసాయనజ్ఞులు ప్రయోగశాలలో చేసిరి. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చినది. దానితో నెల్లూరు, కడప మండలములందు పెరుగుచుండిన నీలిచేలు క్రమముగ మాయమైనవి. పొలములో నీలి లేనపుడు పనివాని కొట్టములో మాత్రము ఎట్లుండును? వారములు నానవేసి, కాచి, వడకట్టవలసిన రంగునకు మారుగ డబ్బా మూత తీసినంతనే సిద్ధముగ నుండు రంగు, అదియు తక్కువ వెలకు వచ్చినది. పనివారు దానిని తీసికొనిరి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. అణాలకు అమ్ము పిడతపై దినముల శ్రమ పెట్టుట ఎవరికి సాధ్యము?

రెండు తరములు గడచుసరికి పాత రంగులు చేయు పద్ధతి ఎరిగినవారే కరవైరి. ఒక వృత్తిలో రహస్యము పోవుటకు శత్రువు దండెత్తి రానక్కరలేదు. తాత చేసినది మనుమడు చూడకున్న చాలును. పైగా డబ్బారంగులలో కొన్ని మంచివి కావని తరువాత తెలిసినది. మిరుమిట్లు గొలుపు పసుపురంగునకు సీసముతో కూడిన లవణములను వాడుట లోకమంతట ఉండినది. అన్ని రంగులును అట్టివే యని చెప్పరాదు. కాని పసిబిడ్డ చేతికి వచ్చిన వస్తువేదియు నోటికి పోక మానదు. సీసము బిడ్డల మెదడునకు చేయు హాని నేడు వైద్యులెల్లరు అంగీకరించిన విషయము. లక్కపిడత మంచిదా కాదా అను ప్రశ్న పుట్టుటయే ఆ వస్తువునకు పెద్ద దెబ్బ. నాలుకతో రుచి చూచినను భయములేని వస్తువని పేరు మోసినది, రంగు మారుటవలన ఆ పేరు పోగొట్టుకొన్నది.

సరిగ ఆ కాలముననే ప్లాస్టిక్ వచ్చినది. ఒక్క అచ్చులో క్షణమునకొక బిందె ఊడిపడునపుడు, కర్ర ఆరవేసి, తొలిచి, లక్క పట్టించి చేసిన బిందె వెలలో దానితో పోటీపడగలదా? రేకు సామానులు, స్టీలు సామానులు కూడ బొమ్మల అంగళ్లలో చేరినవి. తిరునాళ్లలో తాటాకు పందిరిక్రింద పిడతలు పోసి అమ్మువారు ఒకరొకరుగ తగ్గిపోయిరి. ఇచ్చట పిల్లలను అడిగినవారు లేరు. కొనునది పెద్దలు, వారు వెలను చూచి కొనిరి.

వంటయిల్లు మారినదని, కనుకనే పిడతలు పోయినవని ఇంకొక వాదము కలదు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఆటవంటయిల్లు ఇంటివంటయింటికి నీడ. తల్లి తిరగలి త్రిప్పునపుడు కూతురు బొమ్మతిరగలి త్రిప్పును. తల్లి మిక్సీ మీట నొక్కునపుడు కూతురు నొక్కుటకొక మీట కోరును. రోలు, రోకలి పెరటిలో బోరగిలబడియున్న ఇంటిలో బొమ్మరోలు ఎవరికి? ఈ వాదము వినుటకు బాగుగనే యుండును. అయితే పులిని ఎన్నడును చూడని బిడ్డ పులిబొమ్మకై ఏడ్చుచున్నది. చూడని వస్తువు బిడ్డకు అక్కరలేదనుట బిడ్డలను ఎరిగినవారి మాట కాదు. తిరగలిరాతి రెండు బిళ్లలును చేతిలో పెట్టి, నాలుగు బియ్యపుగింజలు వేసి ఒక్కమారు త్రిప్పి చూపినచో చాలును. ఆ బిడ్డ సాయంకాలమువరకు అచ్చటినుండి లేవదు.

ఏటికొప్పాకలో ఈ వృత్తి పూర్తిగ ఆరిపోకుండ నిలుచుటకు కారణమైనది మరల ఆ రంగుల సంగతియే. ఆ గ్రామవాసియైన చింతలపాటి వేంకటపతిరాజుగారు 1990 దరిదాపులనుండి చెట్లరంగులను మరల తెచ్చు పనికి పూనుకొనిరి. పనివారిని కూడగట్టి, ఆకులు, బెరడులు, వేళ్లు, గింజలు తెచ్చి, కాచి, లక్కతో కలిపి, ఏది నిలుచునో, ఏది వెలియునో పరీక్షించుచు పోయిరి. వస్త్రమునకు పట్టు రంగు లక్కకు పట్టకపోవచ్చును, వేడికి మారిపోవచ్చును. పసుపునకు పసుపుకొమ్ము, నీలమునకు నీలిమందు తిరిగి వచ్చినవి. నారింజ ఎరుపునకు జాఫ్రాగింజలు వచ్చినవి. జాఫ్రా అమెరికాఖండపు ఉష్ణదేశములనుండి వచ్చిన చెట్టు. కనుక నేటి చెట్లరంగులన్నియు తాతముత్తాతలనాటివే యని గట్టిగ చెప్పుటకు వీలులేదు. అందు లోపమేమియు లేదు. మిరపకాయయు ఆ ఖండమునుండి వచ్చినదే, అది లేని తెలుగువంట ఏది?

ఈ కృషికి గుర్తింపు ఆలస్యముగనైనను వచ్చినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళికసూచిక లభించినది. అనగా వేరొక తావున చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మరాదు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున ఈ బొమ్మల ప్రస్తావన చేసిరి. 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీ రాజపథమున, నేటి పేరున కర్తవ్యపథమున, ఆంధ్రప్రదేశపు శకటముగ నడచినవి ఈ బొమ్మలే. వీనన్నిటికంటె పనివానికి మేలు చేసినది, పత్రికలలో అంతగ కానరాని ఒక చిన్న సంగతి. 2021 జనవరి 1నుండి దేశమున అమ్ము ఆటవస్తువులన్నిటికిని ప్రమాణసంస్థ ముద్ర ఉండవలెనను ఉత్తరువు అమలులోనికి వచ్చినది. ఆ పరీక్షలు, ఆ రుసుములు ఇంటిలో తరిమెన పెట్టుకొన్నవానికి మోయరాని బరువు. అమలునకు ముందే ఆ ఉత్తరువును సవరించి, నమోదు చేసికొన్న హస్తకళాకారులు చేసినవానికిని, భౌగోళికసూచిక పొందినవానికిని మినహాయింపు నిచ్చిరి. అది జరుగనిచో బిరుదములెన్ని వచ్చినను పిడత అంగడికి వచ్చెడిది కాదు.

ఇట్లు వెదకుచు వెదకుచు ఏటికొప్పాకవరకు వచ్చిన అమ్మమ్మకు ఎట్టకేలకు వస్తువు దొరకునా? దొరకును. కాని ఆమె తలచిన రీతిగ గాదు. అలమారులలో ముందుగ కనబడునవి వినాయకులు, దీపపు స్తంభములు, గాజులు, కలములు పెట్టు గిన్నెలు, పెండ్లికూతురు పెండ్లికొడుకు బొమ్మలు. దూరదేశములవారు, పట్టణములవారు కొనునవి ఇవి. పనివానికి నాలుగు రూకలు మిగులుటయు వీనివలననే. లక్కపిడతల బుట్ట ఒక ప్రక్కన ఉండును. రంగు మునుపటికంటె శాంతముగను, నునుపు మునుపటివలెను ఉండును. వెల విన్న తరువాత మాత్రము దానిని వాకిటి మట్టిలో పెట్టి ఇసుకయన్నము వండుకొమ్మని మనుమరాలికి ఇచ్చుటకు అమ్మమ్మ చేయి ఆడదు. అది అద్దాల అలమారులోనికి పోవును. బిడ్డ దానిని అద్దముగుండ చూచును. లక్కపిడత దొరకినదిగాని గుజ్జనగూళ్లు దొరకలేదు.

ఈ చిక్కునకు పనివారిని గాని, అమ్మమ్మను గాని అనవలసినది లేదు. పిడతకు పట్టు శ్రమను లెక్కకట్టినచో ఆ వెల న్యాయమైనదే. అయినను పనివారిలో పెద్దలు ఇప్పటికిని కుర్రవానికి పని నేర్పునపుడు మొదట పిడతనే చేయింతురు. బిందె పొట్ట తొలుచుట వచ్చినవానికి తక్కినదంతయు వచ్చునట. అట్లు నేర్చుకొనువారు చేసిన చిన్నచిన్న పిడతలు, ఒకింత వంకరగ నున్నవి, అడిగినవారికి తక్కువ వెలకు దొరకుటయు కలదు. ఆడుకొనుటకు కొనువారు వానిని అడిగి తీసికొనుట మేలు. ఆటవంటయింటిలో వంకర బిందె దోషము కాదు.

ఇక మిగిలినది కర్ర సంగతి. అంకుడు చెట్టు లేనిచో అన్ని రంగులును వ్యర్థములు. దాని కర్ర తెల్లనిది, మెత్తనిది, పోగు సన్ననిది. ఉలికి పెళుసుగ విరుగదు, లక్కను చక్కగ పట్టుకొనును. కన్నడదేశమున చెన్నపట్టణపు లక్కబొమ్మలవారును ఈ చెట్టునే ఏరుకొనిరి. ఒకరినొకరు అడిగి ఏరుకొనిరో, కర్రయే ఇరువురికిని చెప్పినదో! ఇంకొక విశేషము కలదు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టునకు పెట్టిన లాటిను పేరులో రంగువేయువానికి పనికివచ్చునదను అర్థము ఇమిడియున్నది. దాని ఆకులనుండి పూర్వము దక్షిణదేశమున ఒకవిధమైన నీలిమందును తీసెడివారు. కర్ర పిడతకు, ఆకు రంగునకు. అట్టి చెట్టు తూర్పుకనుమల అడవులలో ఒకప్పుడు కావలసినంత ఉండెను. నరికినవారు నరుకుచుండగా, నాటినవారు లేక, చుట్టుప్రక్కల కొండలపై అది అరుదైనది. పనివారు ఇప్పుడు దూరమునుండి కర్ర తెచ్చుకొనవలసివచ్చుచున్నది. తెచ్చుకొనుటకు అటవీశాఖ అనుమతులు చూచుకొనవలసివచ్చుచున్నది. కర్ర లేని నెలలో తరిమెన ఊరకుండును.

అంకుడు మొండిచెట్టు. మెట్టనేలలలో, రాళ్లనడుమ, వానలు తక్కువైన తావులలోను బ్రతుకును. తెల్లని పూవులు పూయును, జంటకాయలు కాయును, కాయ పగిలినపుడు పట్టుకుచ్చులు తగిలించుకొన్న గింజలు గాలికి లేచి పోవును. మొదలంట నరికినను మోడునుండి మరల చిగురించును. దీపస్తంభమునకు ముదురుమ్రాను కావలెను గాని, పిడతకు మణికట్టంత కొమ్మ చాలును. చెరువుగట్లపై, పోరంబోకులలో, బడి ఆవరణలలో ఈ చెట్టు నాటినచో దాని నీడలో ఆడిన పిల్లలు పెద్దవారగుటకు పూర్వమే దాని కొమ్మ తరిమెనకు పనికివచ్చును. జంటకాయలు పగులునది వేసవిలో; గింజలు ఏరి దాచి, తొలకరికి చల్లవలెను.